రెండో పాఠకుడి కోసం

హఫీజ్‌పేట్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం



ఈ సభ పెట్టుకుందామనుకున్నప్పుడు మాస్టారి ఇంట్లోవాళ్ళు కోరింది ఒక్కటే. ఆయన పేరూ ఫొటో బ్యానరు మీద వెయ్యొద్దు, ఆయన గురించి కన్నా పుస్తకాల గురించి ఎక్కువ మాట్లాడండి అన్నారు. ఆయన మనసెరిగి అడిగిన కోరిక అది. అందుకే ఇవాళ కూడా మనందరం పిలిచినట్టే మాస్టారు అంటాను. జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు ఉద్యోగం కొండాపూర్ వైపు కాబట్టి హఫీజ్‌పేట్‌లో స్థిరపడ్డ మనిషి. వచ్చిన కొన్నాళ్ళకే, ఈ వీధుల్లో ఏ అపార్టుమెంటు నుంచి పాత పుస్తకాలు ఎప్పుడు బయటపడతాయో ఆయనకు తెలిసిపోయింది.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. తెలుగు పుస్తకం బతికేది రెండో పాఠకుడి చలవ వల్లే.

ఒక ఇంగ్లీషు నవల పాతది కొంటే మనకు నాలుగు డబ్బులు మిగులుతాయి, అంతే. ఆ కాపీ పోయినా ఇంకో కాపీ ఉంటుంది, ఏదో ఒక దేశంలో మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉంటుంది. తెలుగు పుస్తకానికి ఆ భాగ్యం లేదు. మన దగ్గర వెయ్యి కాపీలు వెయ్యడం చాలాకాలంగా రివాజు. ఈమధ్య అది ఐదు వందలకూ, ఇంకా కిందకూ దిగింది. అందులో కొన్ని స్నేహితులకు పంచేస్తారు, కొన్ని గ్రంథాలయాలకు పోతాయి, మిగిలినవి కొట్లలో అమ్ముడైనప్పుడు అమ్ముడవుతాయి. రచయిత పోయాక, ప్రచురణ సంస్థ మూతపడ్డాక మళ్ళీ అచ్చు యంత్రం ఎక్కే పుస్తకాలు కొన్నే. తక్కినవాటికి ఆ మొదటి కాపీలే దిక్కు. వాటిని కొన్నవాళ్ళు పెద్దవాళ్ళై వెళ్ళిపోతారు. ఆ తరవాత ఆ కాపీ ఎవరి చేతికి చేరింది? ఆ పుస్తకం ఈ లోకంలో ఉన్నట్టా లేనట్టా అన్నది అక్కడ తేలుతుంది.

ఒక్క ఉదాహరణ. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవుల్ని ఒకచోట చేర్చి చూపించారు. అప్పటికి ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు. ఆ సంచిక చాలాకాలం తరవాత మళ్ళీ అచ్చయింది. అచ్చు వెయ్యాలంటే ముందు ఒక పాత కాపీ కావాలి కదా. ఎవరో అటక మీద దాచారు, ఎవరో ఇల్లు మారుతూ వెంట తీసుకెళ్ళారు, ఎవరో తూకానికి వెయ్యలేదు. వాళ్ళ పేర్లు ఏ ముందుమాటలోనూ ఉండవు. నా దృష్టిలో మాస్టారు ఆ కోవకు చెందిన మనిషి.

ఇక మన హఫీజ్‌పేట్ సంగతికి వద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల ఇళ్ళు లేచాయి, వాటితో పాటు ఇళ్ళు మారడమూ మొదలైంది. ఆఫీసు గచ్చిబౌలి నుంచి ఇంకో వైపుకు తరలిందని ఒకరు, బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందని ఒకరు, వీసా వచ్చిందని ఇంకొకరు. సామాను సర్దేటప్పుడు అన్నిటికన్నా బరువైన పెట్టె పుస్తకాలదే. లారీ ఎక్కకుండా ఆగిపోయేదీ ముందు అదే. పొద్దున్నే ట్రాలీ ఆటో వస్తుంది. పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు, పుస్తకాలు కొంటామని మైకులో రికార్డు చేసిన గొంతు వీధి చివరి నుంచే వినపడుతుంది. పది నిమిషాల్లో ఒక ఇంటి చదువంతా కాటా మీదికి ఎక్కుతుంది.

ఆ తరవాత ఏమవుతుందో మాస్టారు నన్ను తీసుకెళ్ళి చూపించారు. పాత సామాన్ల కొట్టులో నేల మీద ఒకామె కూర్చుని ఉంది. గట్టి అట్ట ఉన్న పుస్తకం చేతికి రాగానే దాన్ని వెనక్కి విరిచి, అట్టను ఊడబీకి ఒక గుట్టలో వేస్తోంది, లోపలి కాగితాలను ఇంకో గుట్టలో. అట్ట రేటు వేరు, కాగితం రేటు వేరు. అట్టతో పాటు పుస్తకం పేరు పోతుంది. వెన్ను విరిగాక ముందు పేజీలు ఊడిపోతాయి, వాటితో రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం పోతాయి. ఆమె తప్పేమీ లేదు, ఆమె కూలి ఆ గుట్టల మీదే ఆధారపడింది. మాస్టారు ఆమెను అమ్మా అని పిలిచి, తెలుగు అక్షరాలున్న గట్టి అట్ట పుస్తకం ఏది వచ్చినా విరవకుండా పక్కన పెట్టమనీ, తూకానికి వచ్చే డబ్బుకన్నా ఎక్కువే ఇస్తాననీ మాట్లాడుకున్నారు. అపార్టుమెంట్ల వాచ్‌మన్‌లతోనూ అదే ఒప్పందం. ట్రాలీని పిలిచే ముందు తనకొక ఫోను కొట్టాలి. ఆయన చేసిన పనంతటిలో నాకు గొప్పగా అనిపించేది ఇదే. పుస్తకాన్ని కాపాడవలసిన చోటు గ్రంథాలయం గుమ్మం కన్నా చాలా ముందే ఉందని ఆయన కనిపెట్టారు.

ఈ కొట్లలోంచి ఏరినవి కొన్ని ఆబిడ్స్ చేరతాయి. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచి పుస్తకాలు పెడతారు. మనకు అక్కడికి దారి సులువు. 2003లో ఎమ్‌ఎమ్‌టీఎస్ వచ్చాక హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఎక్కితే నాంపల్లిలో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆబిడ్స్ నడిచే దూరం. ఆదివారాలు రైళ్ళు తక్కువ, కాబట్టి మాస్టారు పొద్దున్నే బయల్దేరేవారు. ఎండ ముదిరితే అట్టలు వేడెక్కుతాయి, అమ్మేవాళ్ళకూ ఓపిక తగ్గుతుంది.

పుస్తకం ఎలా చూడాలో నాకు నేర్పింది ఆయనే. ముందు చివరి ఫారం చూడమనేవారు, తెలుగు పుస్తకాల్లో మొదట ఊడేది అది. తరవాత కుట్టు దగ్గర వేలితో రాయాలి, పొడి రాలితే పురుగు ఉన్నట్టు. తరవాత వెల. అణాల్లో ఉంటే ఆ అచ్చు ఇంచుమించు 1957 ఏప్రిల్ కన్నా పాతది, నయా పైసలు అప్పుడే వచ్చాయి. మీకు కావలసిన పుస్తకం కనపడగానే మొహం వెలిగిపోకూడదు, బేరం పోతుంది అని హెచ్చరించేవారు కానీ, కావలసింది దొరికితే ముందు వెలిగే మొహం ఆయనదే. అక్కడి అమ్మకందార్లలో కొందరికి తెలుగు చదవడం రాకపోయినా, ఏ బొమ్మ ఉన్న అట్టకు ఎవరు ఆగుతారో బాగా తెలుసు. వపా బొమ్మ ఉన్న పాత యువ దీపావళి సంచిక అడుగున దాచి, మాస్టారు రాగానే పైకి తీసేవాళ్ళు. చందమామ బైండ్లకు మాత్రం పోటీ ఎక్కువ, ఆలస్యంగా వెళ్తే మిగలవు.

ఆ గుట్టల్లో మాస్కో పుస్తకాలు దొరికితే ఆయనకు పండగ. ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణలు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు మాస్కోలో ఉండి అనువదించినవి. మంచి కుట్టు, మంచి కాగితం, తక్కువ వెల. విశాలాంధ్ర వాళ్ళ ద్వారా మన ఊళ్ళకు చేరాయి. 1991లో సోవియట్ యూనియన్ పోవడంతో అవి రావడం ఆగిపోయింది. లెక్కల మాస్టారు కదా, పెరెల్‌మాన్ భౌతికశాస్త్రం తెలుగులో కనిపిస్తే తన దగ్గర ఉన్నా ఇంకోటి కొనేవారు. ఎందుకండీ అని అడిగితే, తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా కొత్తవాళ్ళు వస్తారుగా అనేవారు.

ఆయన అరలోంచి ఒక పుస్తకం ఇవాళ తెచ్చాను. దీన్ని కొంచెం నిదానంగా చూపిస్తాను. ఇది కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం. 1961లో ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి పొంది, అందులో సీరియల్‌గా వచ్చింది, 1964లో డాక్టర్ చక్రవర్తి సినిమా అయింది. నవలగా పుస్తకం తరవాత దొరికింది కానీ ఇది ఆ పుస్తకం కాదు. ఎవరో ఇల్లాలు వారం వారం పత్రికలోంచి పేజీలు జాగ్రత్తగా విప్పి, వరస పెట్టి, బైండు చేయించుకున్నది. బైండరు దబ్బనంతో పొడిచి అడ్డంగా కుట్టాడు, అందుకే లోపలి అంచు దగ్గర మాటలు కొన్ని కుట్టులోకి పోయాయి, అక్కడ చదవాలంటే రెండు చేతులతో నొక్కిపట్టాలి. వెన్నుకు నల్ల గుడ్డ వేశాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి ఉంటాడు, ఇన్నేళ్ళయినా పురుగు ముట్టలేదు. అంచులు కోసేటప్పుడు కొన్ని పేజీల అంకెలు ఎగిరిపోయాయి. సీరియల్ ఒక పక్కన ఉంటే, రెండో పక్కన వేరే కథ తోకో, సగం కార్టూనో, అమృతాంజనం ప్రకటనో ఉంటుంది. ఒక అమ్మాయి కష్టం చదువుతూ పేజీ తిప్పితే తలనొప్పి మందు కనిపిస్తుంది. ఆ అమృతాంజనం డబ్బులతోనే కదా కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను నిలబెట్టింది, భారతిని నడిపింది.

ఇందులో నేను ఎప్పుడు తెరిచినా ఆగిపోయే చోటు ఒకటుంది. నడుమ ఒక వారం సంచిక ఆమెకు దొరకలేదు. ఆ భాగం మొత్తాన్ని రూళ్ళ కాగితాల మీద నీలం సిరాతో చేత్తో ఎత్తి రాసి, ఆ స్థానంలోనే కుట్టించింది. ఎవరి ఇంట్లోనో పత్రిక అడిగి తెచ్చుకుని రాసి ఉంటుంది. చివర సశేషం అన్న మాట కూడా వదల్లేదు. వెనక అట్ట లోపల చదవడానికి తీసుకెళ్ళినవాళ్ళ జాబితా ఉంది. పేర్లు లేవు. పోస్టుమాస్టరుగారి భార్య, పెద్ద వీధి కరణంగారి కోడలు, టీచరమ్మ, ఇలా ఉన్నాయి. తిరిగి ఇచ్చినవాళ్ళ ఎదురుగా అడ్డగీత. అందరి ఎదురుగా అడ్డగీత ఉంది. ఒక వీధి ఆడవాళ్ళంతా ఒకే కాపీ మీద చదివారన్నమాట. ఆ నవల గురించి సాహిత్య చరిత్రలో ఎన్ని పేజీలు చదివినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు. పాత పుస్తకం చదవడంలో ఉన్న ఆనందం ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఈ అట్ట లోపలి పక్క చూపిస్తాను. కథ నాకూ నచ్చింది, కానీ ఆ కథ కోసం అంత కష్టపడిన మనిషి పక్కన కూర్చుని చదివినప్పుడు ఇంకా నచ్చింది.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి మోసుకెళ్ళడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. ఇప్పుడు ఆబిడ్స్ నుంచి సుల్తాన్ బజారుకు నడిచి వెళ్తే కనిపిస్తుంది. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణంగారు 1935లో కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు, కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా. పడవ ప్రయాణికులు చదువుకుంటూ పోయేవారు. అయితే మాస్టారికి అందరికన్నా ఇష్టమైన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. ఇళ్ళలో వంట చేసి, హోటల్లో పని చేసి, చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మిన మనిషి. నిజాం పాలనలో జైలుకు వెళ్ళారు, ప్రజల మనిషి రాశారు, 1961లో చిన్న వయసులోనే పోయారు. ఆ గ్రంథమాల పుస్తకం ఒకటి ఆబిడ్స్‌లో చేతికి దొరికినప్పుడు మాస్టారు బేరమాడలేదు. అడిగినంతా ఇచ్చేశారు. ఆయన బేరమాడకపోవడం నేను చూసిన సందర్భం అదే.

మాస్టారి పద్ధతి చూడ్డానికి చిన్నది. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఎడమ వైపు పుస్తకం పేరు, కుడి వైపు మనిషి. కుడి వైపు ఖాళీగా ఉంటే ఆ పుస్తకం ఇంకా అరలో ఉన్నట్టు. ముందు తాను చదివేవారు. ఆ తరవాత ఈ వీధిలో అది ఎవరికి చెందాలో ఆలోచించేవారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసే ఒక అమ్మాయి, తెలుగు పుస్తకం చదివి చాలా ఏళ్ళయిందండీ అంటే, ఆవిడ చేతికి రావిశాస్త్రి ఆరు సారా కథలు ఇచ్చారు. వారం తిరక్కుండా వచ్చి, మా వీధి వాళ్ళు మాట్లాడినట్టే ఉంది మాస్టారూ, ఇలా పుస్తకంలో రాయొచ్చని నాకు తెలీదు అంది. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఆదివారాల్లో మాతో పాటు రైలెక్కేది. పక్క బ్లాకు వాచ్‌మన్ కొడుక్కి హెచ్.సి. వర్మ భౌతికశాస్త్రం రెండు భాగాలూ ఇచ్చారు. ఎంట్రన్సు అయ్యాక ఆ అబ్బాయి వాటిని ఇంకొకరికి ఇచ్చాడు, ఎవరికి ఇచ్చాడో వచ్చి చెప్పాడు, నోటుబుక్కులో ఆ పేరూ ఎక్కింది.

నచ్చకపోతే నాకు తెచ్చివ్వండి, నచ్చితే ఇంకెవరికైనా ఇవ్వండి. ఆయన పెట్టిన షరతు ఇంతే. పుస్తకాలు దానం చెయ్యండి అని పెద్ద పెట్టెలు పెట్టి సేకరించడం ఆయనకు నచ్చేది కాదు. ఆ మాట ఆయన నొచ్చుకుంటూనే చెప్పేవారు, ఎందుకంటే పెట్టేవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఆ పెట్టెల్లోకి వచ్చేవి చాలావరకు సిలబస్ మారిపోయిన గైడ్లు, ఎవరూ రెండోసారి తెరవని ఆఫీసు ట్రైనింగు పుస్తకాలు. అవి ఏదో బడికి చేరి, అక్కడి బీరువా నింపి, ఆ పిల్లలకు చదువు మీదే విసుగు పుట్టిస్తాయి. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షమే. మనం చదవమని తెలిసిన పుస్తకాన్ని పేద పిల్లవాడికి ఇవ్వడం దానం అనిపించుకోదు.

పాత పుస్తకాల సంతలు ఎల్లకాలం ఉంటాయని ధీమా పడటానికి లేదు. మద్రాసులో తెలుగువాళ్ళు తరాల తరబడి పుస్తకాలు వెతుక్కున్న మూర్ మార్కెట్ 1985 మేలో కాలిపోయింది. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం సంతను 2019లో ఫుట్‌పాత్ మీద నుంచి తీసేసి, ఒక ఆవరణలోకి మార్చారు. ఆబిడ్స్ సంత కూడా మనం వెళ్తేనే ఉంటుంది. విజయవాడ వెళ్ళినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గర కాసేపు ఆగండి.

కానీ అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఊళ్ళలోని ఇళ్ళు. ఇక్కడ కూర్చున్న మనలో చాలామందికి కోనసీమలోనో, కరీంనగర్ వైపో, ఒంగోలు దగ్గరో ఒక ఇల్లుంది. అందులో నాన్నగారిదో తాతగారిదో ఒక బీరువా ఉంది. ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం పుస్తకాలు, భారతి సంచికలు, ఆ ఊరి కవి సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న శతకం. వారసులు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. పెద్దాయన పోయాక రెండు వారాల సెలవు మీద వస్తారు. కర్మకాండలు, పొలం కాగితాలు, బ్యాంకు పనులు, అన్నీ ఆ రెండు వారాల్లోనే. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ బీరువాను తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ శతకం ఇంకెక్కడా లేకపోవచ్చు. నేను అడిగేది ఒక్కటే. ఆ బీరువాను పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళతో కలిసి తెరవండి. ఏ పుస్తకం ఎవరికి ఇవ్వాలో వాళ్ళనే అడగండి. మాస్టారు తన విషయంలో చేసింది అదే. చివరి ఏడాది నోటుబుక్కులో కుడి వైపు పేర్లన్నీ ఆయనే నింపుకుంటూ వచ్చారు.

పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఎవరికివ్వాలి అంటారు కొందరు. మన పిల్లలకు రాకపోతే వచ్చే పిల్లలు ఈ వీధిలోనే ఉన్నారు. ఫ్లాట్ల గేటు దగ్గర ఉన్నారు, పాత ఊరి బడిలో ఉన్నారు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనం కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, పన్ను రూపాయికి 8 పైసలు. ఇన్ని వేల ఫ్లాట్ల నుంచి వెళ్తున్న సొమ్ము అది. మన పక్కనే ఒక చక్కటి శాఖా గ్రంథాలయం కావాలని అడిగే హక్కు మనకుంది. మాస్టారు ఆ అర్జీ రాస్తూ రాస్తూ ఆపేశారు. దాన్ని పూర్తి చేసి తెచ్చాను. వెళ్ళేటప్పుడు సంతకం పెట్టండి.

ఆయన వదిలివెళ్ళిన వాటిలో ఇంకా కుడి వైపు పేరు రాయనివి కొన్ని మిగిలాయి. వెనక బల్ల మీద పెట్టాం. చూడండి, పట్టుకెళ్ళండి, ఎవరు తీసుకున్నదీ నోటుబుక్కులో రాయండి. వాటిలో నాలుగైదు ఉర్దూ పుస్తకాలున్నాయి. ఉర్దూ రాకపోయినా ఆయన వాటిని తూకానికి పోనివ్వలేదు. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా సేకరించిన ఉర్దూ పుస్తకాలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరడం, 2000 ఆగస్టు వరదలో అవి తడిసిపోవడం ఆయన పదే పదే తలుచుకునేవారు. అట్ట మీద ఏముందో నేనూ చదవలేను. హఫీజ్‌పేట్ పాత ఊళ్ళో ఉర్దూ చదివే పెద్దవాళ్ళు మీకెవరైనా తెలిస్తే, వాళ్ళ ఇల్లు ఎక్కడో సభ అయ్యాక నాకు చెప్పండి. రేపు సాయంత్రం ఆ టెస్టింగు అమ్మాయీ నేనూ పట్టుకెళ్ళి ఇస్తాం.